బరువు తగ్గకపోయినా నడక వృథా కాదు.. పొట్ట కొవ్వులోని మంటపై వ్యాయామం చేసే పని ఇదీ

ఫజర్ నమాజు అయ్యాక అరగంట నడక. కొన్ని రోజులు ముప్పావు గంట కూడా. నెల తిరిగాక వెయింగ్ మెషీన్ ఎక్కితే ముల్లు ఉన్నచోటే ఉంటుంది. "ఇంత కష్టపడినా కిలో కూడా తగ్గలేదు, ఇక ఎందుకు" అని బూట్లు మూలన పడతాయి. వాకింగ్ మొదలుపెట్టిన చాలా ఇళ్లలో కథ ఇక్కడితోనే ఆగిపోతుంది.

అలా ఆపేస్తే పోయేదేమిటో మెషీన్ చూపించదు. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు ఊరికే బరువుగా కూర్చోదు. అది శరీర రక్షణ వ్యవస్థను, అంటే అందరూ ఇమ్యూనిటీ అని పిలుచుకునేదాన్ని, పగలూ రాత్రీ రెచ్చగొడుతూనే ఉంటుంది. అలా రేగిన మంట షుగర్‌కి, గుండె జబ్బుకి, ఫ్యాటీ లివర్‌కి దారి వేసే కారణాల్లో ఒకటి. నడక, సైకిల్ తొక్కడం, బరువులెత్తడం లాంటివి ఈ మంట మీద పనిచేస్తాయి. అందులో కొంత పని బరువు తగ్గకముందే మొదలవుతుంది.

మంట అంటే ఎసిడిటీ కాదు

డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనే మాటకి తెలుగులో మంట, వాపు, తాపం అని రకరకాలుగా రాస్తారు. కడుపులో వచ్చే ఎసిడిటీ మంటకీ దీనికీ సంబంధం లేదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, నొప్పెడుతుంది. రక్షణ కణాలు అక్కడికి చేరి క్రిములతో పోరాడుతున్నాయని దానర్థం. నాలుగు రోజుల్లో పని ముగించుకుని అవి వెళ్లిపోతాయి, పుండు మానుతుంది. ఈ మంట లేకపోతే మనిషి బతకడు.

ఊబకాయంలో వచ్చేది వేరే రకం. ఇది సన్నగా, బూడిద కింద నిప్పులా ఉంటుంది. జ్వరం రాదు, నొప్పి తెలియదు, చేత్తో తాకితే అంతుపట్టదు. నాలుగు రోజుల్లో ఆరిపోదు, ఏళ్ల తరబడి ఉంటుంది. ఎదురుగా క్రిమి లేకపోయినా సైన్యం డ్యూటీలోనే ఉండిపోయిందన్నమాట.

కొవ్వును గోదాముగా చూసిన రోజులు

చాలాకాలం వైద్య పుస్తకాలు కూడా కొవ్వును ఒక గోదాములాగే చూశాయి. తిండి ఎక్కువైతే దాచుకోవడం, తక్కువైతే తీసి వాడుకోవడం, అంతే దాని పని అనుకునేవారు. ఆ అభిప్రాయాన్ని గట్టిగా కదిపింది 1993లో బోస్టన్‌లో జరిగిన పరిశోధన. గోఖన్ హోతమిష్లిగిల్, బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే పదార్థం ఎక్కువగా తయారవుతోందని చూపించింది. ఇది రక్షణ కణాలు మంట పుట్టించడానికి వాడే సంకేతం. దాన్ని అడ్డుకుంటే ఆ ఎలుకల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేసింది. ఆ మరుసటి ఏడాది, 1994లో, న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వు కణాలే తయారుచేసే లెప్టిన్ హార్మోన్ జన్యువును కనిపెట్టింది. కొవ్వు గోదాము మాత్రమే కాదు, మెదడుతోనూ రక్షణ వ్యవస్థతోనూ మాట్లాడే అవయవం అని తేలిపోయింది.

మరి ఆ మంట పదార్థాలను తయారుచేస్తున్నది ఎవరు? దీనికి జవాబు 2003లో దొరికింది. రెండు అమెరికన్ బృందాలు విడివిడిగా, దాదాపు ఒకేసారి, కొవ్వు లోపల మాక్రోఫేజ్‌లు గుంపులుగా చేరుతున్నాయని బయటపెట్టాయి. మాక్రోఫేజ్ అంటే ఒంట్లో చెత్త ఎత్తే కణం. చచ్చిన కణాలను, క్రిములను మింగడం దాని డ్యూటీ. ఆ పరిశోధనల్లో ఒకదాని అంచనా ప్రకారం సన్నగా ఉన్నవారి కొవ్వులోని కణాల్లో మాక్రోఫేజ్‌లు 10 శాతం లోపే. ఊబకాయం ఉన్న మనుషుల్లో అవి 40 శాతం దగ్గరికి చేరాయి. అంటే ఆ కొవ్వులో నూటికి నలభై కణాలు కొవ్వు కణాలే కావు, మకాం వేసిన రక్షణ కణాలు.

అవి అక్కడికి ఎందుకు వస్తాయంటే కారణం ఒక్కటి కాదు. తిండి మిగులుతూ ఉంటే కొవ్వు కణం ఉబ్బుతుంది. ఒక హద్దు దాటాక దానికి రక్తం, ఆక్సిజన్ సరిగా అందవు. కొన్ని కణాలు ఒత్తిడికి లోనై ఆపద సంకేతాలు పంపుతాయి, కొన్ని చచ్చిపోతాయి. చచ్చిన కొవ్వు కణం చుట్టూ మాక్రోఫేజ్‌లు వలయంగా చేరి నిలబడతాయి. మైక్రోస్కోప్ కింద అది కిరీటంలా కనిపిస్తుంది కాబట్టి శాస్త్రవేత్తలు దానికి ఆ పేరే పెట్టారు. వీటితోపాటు టీ-కణాలనే మరో జాతి సిపాయిలూ వస్తారు. టీ-కణాల్లోనే గొడవ సర్దుబాటు చేసే రకం ఒకటుంది. ఎలుకల పొట్ట కొవ్వును పరీక్షించినప్పుడు, లావెక్కిన కొద్దీ ఆ పెద్దమనుషుల సంఖ్య పడిపోయి, దాడి చేసే రకం పెరిగినట్లు 2009లో తేలింది.

ఇక్కడి నుంచి షుగర్ దాకా దారి పెద్ద దూరం కాదు. ఈ కణాలు వదిలే టీఎన్‌ఎఫ్ లాంటి పదార్థాలు కండరం, కొవ్వు, కాలేయ కణాల లోపల ఇన్సులిన్ సంకేతాన్ని అడ్డుకుంటాయి. ఇన్సులిన్ వచ్చి తలుపు కొడుతుంది, లోపల వినిపించుకునేవారుండరు. దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటారు. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ పంపుతుంది. కొన్నేళ్లు అలా నెట్టుకొచ్చి అలసిపోతుంది. రిపోర్టులో షుగర్ కనిపించేది అప్పుడు. కానీ మంట మొదలై అప్పటికి ఎన్నేళ్లయిందో ఏ రిపోర్టూ చెప్పదు.

ఏ కొవ్వు అన్నదే అసలు ప్రశ్న

ఒంట్లో కొవ్వంతా ఒకటి కాదు. తొడల దగ్గర, పిరుదుల దగ్గర చర్మం కింద ఉండి చేతి వేళ్లకు దొరికే కొవ్వు కొంత నెమ్మదస్తురాలు. పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ, పొట్ట గోడ లోపల ఉండే కొవ్వే గొడవపెట్టేది. దాని నుంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికి వెళ్తుంది. అక్కడి మంట పదార్థాలు, కొవ్వు ఆమ్లాలు ముందుగా తగిలేది కాలేయానికే. రక్త పరీక్షలో చూసే సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను తయారుచేసేది కూడా కాలేయమే.

మన దేశస్తులకు ఇది ఇంకా ముఖ్యం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. కానీ శరీరంలో కొవ్వు కొలిస్తే యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకు వచ్చే మన ఇళ్లలోని మగవాళ్లను తలుచుకుంటే ఈ ఫొటో వెంటనే అర్థమవుతుంది. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. పాశ్చాత్యుల హద్దులు ఇంతకన్నా ఎక్కువ.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తొలిసారి నడుములు కూడా కొలిచారు. దేశంలో ఆడవారిలో సుమారు 40 శాతం మందికి, మగవారిలో సుమారు 12 శాతం మందికి పొట్ట ఊబకాయం ఉన్నట్లు ఆ వివరాలను విశ్లేషించినప్పుడు తేలింది. అదే సర్వేలో బీఎంఐ 25, ఆపైన ఉన్న ఆడవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో 30 శాతం. దేశ సగటు 24 శాతం. అంటే రెండు తెలుగు రాష్ట్రాల ఆడవాళ్లు సగటు కన్నా బాగా ముందున్నారు. ఇది ముందుండాల్సిన విషయం కాదు.

కండరం పంపే కబురు

ఇక వ్యాయామం సంగతి. దీన్ని అర్థం చేసుకోవాలంటే ఐఎల్-6 అనే పదార్థం గురించి తెలియాలి. ఐఎల్-6ని శాస్త్రవేత్తలు చాలాకాలం మంట పెంచే పదార్థాల జాబితాలోనే రాసుకున్నారు. లావుగా ఉన్నవారి రక్తంలో అది ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. కానీ డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో బెంటె క్లార్‌లుండ్ పెడర్సెన్ బృందం 2000 సంవత్సరం ప్రాంతంలో ఒక వింత గమనించింది. వ్యాయామం చేసేటప్పుడు రక్తంలో ఐఎల్-6 విపరీతంగా పెరుగుతోంది. మారథాన్ లాంటి దీర్ఘమైన శ్రమలో ఏకంగా వంద రెట్ల దాకా పోతోంది. పైగా అది వస్తున్నది రక్షణ కణాల నుంచి కాదు, పనిచేస్తున్న కండరం నుంచే.

మంట పెంచే పదార్థం వంద రెట్లు పెరిగితే వ్యాయామం చేసినవారు జబ్బుపడాలి కదా? పడటం లేదు. అదే బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం దీనికి జవాబిచ్చింది. ఆరోగ్యంగా ఉన్న యువకులకు బాక్టీరియా నుంచి తీసిన విష పదార్థాన్ని అతి కొద్ది మోతాదులో ఎక్కించారు, ఒంట్లో తేలికపాటి మంట రేపడం కోసం. ఊరికే విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి రక్తంలో టీఎన్‌ఎఫ్ రెండు మూడు రెట్లు పెరిగింది. మూడు గంటలు సైకిల్ తొక్కుతూ ఎక్కించుకున్నప్పుడు ఆ పెరుగుదల అణిగిపోయింది. సైకిల్ లేకుండా ఐఎల్-6 ఒక్కటే ఎక్కించినా అణిగింది.

అంటే ఐఎల్-6 ఎక్కడి నుంచి వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అన్నదాన్ని బట్టి దాని పని మారుతోంది. పొయ్యిలో నిప్పు వంట చేస్తుంది, అదే నిప్పు ఇంటి కప్పు మీద ఉంటే కొంప కాలుస్తుంది. కొవ్వులో చేరిన కణాల నుంచి టీఎన్‌ఎఫ్‌తో కలిసి, రోజంతా సన్నగా కారే ఐఎల్-6 వేరు. కండరం నుంచి ఒక్కసారిగా ఎగసి, విశ్రాంతి తీసుకోగానే దిగిపోయే ఐఎల్-6 వేరు. రెండోది వెనకాలే ఐఎల్-10 లాంటి మంట తగ్గించే పదార్థాలను వెంటబెట్టుకొస్తుంది. కండరం ఇలా పంపే కబుర్లకు మయోకైన్‌లు అని పేరు పెట్టారు.

మూడు గంటల సైకిల్ అందరి వల్లా అయ్యే పని కాదు. అమెరికాలోని శాన్‌డియాగోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 2017లో ప్రచురించిన అధ్యయనం మామూలు మనుషులకు పనికొచ్చేది. 47 మందిని ట్రెడ్‌మిల్ మీద వారి వారి శక్తిని బట్టి మధ్యస్థ వేగంతో 20 నిమిషాలు నడిపించారు. ముందూ వెనకా రక్తం తీసి చూస్తే, టీఎన్‌ఎఫ్ తయారుచేసే రక్షణ కణాలు సుమారు 5 శాతం తగ్గాయి. ఐదు శాతం చిన్నదే. కానీ అది 20 నిమిషాల ఒక్క నడకకు వచ్చిన ఫలితం. శ్రమ చేసేటప్పుడు ఒంట్లో పెరిగే అడ్రినలిన్ జాతి హార్మోన్లు రక్షణ కణాలను తాకి వాటిని నెమ్మదింపజేయడమే దీనికి కారణమని వారు వివరించారు.

కరోనా మందుతో దొరికిన సాక్ష్యం

టోసిలిజుమాబ్ పేరు తెలుగు ఇళ్లలో ఇంకా కొందరికి గుర్తుండే ఉంటుంది. 2021 వేసవిలో కరోనా రెండో వేవ్ సమయంలో ఈ ఇంజెక్షన్ కోసం జనం మందుల షాపుల చుట్టూ తిరిగారు. నిజానికి ఇది కీళ్లవాతం కోసం తయారైన మందు. ఐఎల్-6 తన పని చేయకుండా అడ్డుకోవడమే దాని పని.

ఈ మందునే కోపెన్‌హాగన్ పరిశోధకులు తెలివిగా వాడుకున్నారు. పొట్ట చుట్టూ కొవ్వున్న మనుషులను నాలుగు గుంపులుగా చేశారు. రెండు గుంపులు 12 వారాలు సైకిల్ తొక్కాయి, రెండు గుంపులు తొక్కలేదు. ప్రతి జతలో ఒకరికి టోసిలిజుమాబ్, ఇంకొకరికి ఉత్త సెలైన్. 2019లో వచ్చిన ఫలితం ఏమిటంటే, సైకిల్ తొక్కి సెలైన్ తీసుకున్నవారికి పొట్ట లోపలి కొవ్వు తగ్గింది. సైకిల్ తొక్కి టోసిలిజుమాబ్ తీసుకున్నవారికి తగ్గలేదు. శ్రమ అదే, ఐఎల్-6 దారి మూసుకుపోవడమే తేడా. కండరం పంపే కబురు పొట్ట కొవ్వును కరిగించడంలో నిజంగా పాత్ర పోషిస్తుందని ఇంత సూటిగా చూపిన ప్రయోగాలు అరుదు. దీన్నిబట్టి కీళ్లవాతానికి ఆ మందు వాడేవారు దాన్ని మానేయాలనుకుంటే మాత్రం పెద్ద పొరపాటు. వారి జబ్బుకు అది అవసరం.

బరువు మారకుండానే లోపలి కొవ్వు తగ్గడం కూడా ఇక్కడే అర్థమవుతుంది. అనేక అధ్యయనాలను కలిపి 2016లో చేసిన ఒక విశ్లేషణలో, బరువు ఏమాత్రం తగ్గకపోయినా వ్యాయామం చేసినవారిలో పొట్ట లోపలి కొవ్వు సగటున 6.1 శాతం తగ్గినట్లు కనిపించింది. బరువు తగ్గకుండా ఉత్త డైటింగ్ చేసినవారిలో తగ్గింది 1.1 శాతమే. కొవ్వు కొంత పోయి కండ కొంత పెరిగితే మెషీన్ ముల్లు కదలదు. నెల రోజులకే బూట్లు మూలన పడేసినవారు పోగొట్టుకున్నది ఇదే.

ఇక్కడ ఒక హద్దు కూడా ఉంది

ఇదంతా చదివి "నడిస్తే చాలు, తిండి ఎంతైనా తినొచ్చు" అనుకుంటే లెక్క తప్పుతుంది. 2010లో అమెరికాలో ఇన్‌ఫ్లేమ్ అనే పేరుతో ఒక అధ్యయనం ప్రచురించారు. సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారిని ఎంచుకుని నాలుగు నెలలు వ్యాయామం చేయించారు. వారి ఫిట్‌నెస్ బాగా పెరిగింది. కానీ బరువు తగ్గనివారిలో సీఆర్‌పీ తగ్గలేదు. తగ్గినవారిలోనే తగ్గింది. అంటే రక్తంలో కొలిచే ఈ ఒక్క సూచిక వరకు చూస్తే బరువుదే పైచేయి. ఎలుకల్లో వ్యాయామం వల్ల కొవ్వులోకి మాక్రోఫేజ్‌ల రాక తగ్గడం, ఉన్నవి కూడా శాంత రకంగా మారడం చక్కగా కనిపించింది. మనుషుల కొవ్వును సూదితో తీసి చూసిన అధ్యయనాల్లో ఫలితాలు అంత ఒకేలా రాలేదు. తిండి అదుపు, వ్యాయామం రెండూ కలిసి బరువు బాగా తగ్గినచోటే మార్పు స్పష్టంగా కనిపించింది.

కాబట్టి వారం వారం దావత్‌లలో బిర్యానీ, డబల్ కా మీఠా మీద చెయ్యి అలాగే ఉంచి నడకనే నమ్ముకుంటే సగం పనే జరుగుతుంది. ఆ సగం కూడా చిన్నదేమీ కాదు, ఎందుకంటే సీఆర్‌పీ మారకపోయినా ఇన్సులిన్ పనితీరు బాగుపడుతుంది. కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ని లోపలికి లాక్కుంటుంది. తలుపు కొట్టినా వినిపించుకోని ఇంట్లోకి ఇది దొడ్డిదారి లాంటిది.

సీఆర్‌పీ గురించి ఒక మాట. హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే పరీక్షలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండె జబ్బు రిస్క్ తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని లెక్క. 10 దాటిందంటే జలుబో, పంటి ఇన్ఫెక్షనో ఉందేమో చూసుకుని కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి. హెల్త్ ప్యాకేజీలో ఉంది కదా అని అందరూ చేయించుకోనక్కర్లేదు. నడుము కొలిచే టేపుకి అయ్యే ఖర్చు ఇంతకంటే చాలా తక్కువ.

"ఇమ్యూనిటీ పెంచే" పొడులు, కషాయాలు అమ్మేవారి ప్రకటనలు కూడా ఇక్కడ గుర్తుకొస్తాయి. పొట్ట ఊబకాయం ఉన్నవారి రక్షణ వ్యవస్థ ఇప్పటికే అవసరం లేనిచోట అతిగా పనిచేస్తోంది. దాన్ని ఇంకా పెంచడం కాదు, శాంతపరచడం కావాలి. నడుముకి బెల్టు చుట్టుకుని చెమట పట్టించడం వల్ల పోయేది నీరు, కొవ్వు కాదు.

ఎంత, ఎప్పుడు, ఎక్కడ

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలి. దీనికి తోడు కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం. మధ్యస్థం అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతకుముందు ఒకేసారి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అనేవారు. 2020లో ఆ నిబంధన తీసేశారు. ఐదు నిమిషాలు మెట్లెక్కినా లెక్కలోకి వస్తుంది.

"పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంటి పని చేస్తూనే ఉంటాను, ఇంకా ఎక్సర్‌సైజు ఎందుకు" అని అమ్మీలు, ఖాలాలు అడగడం మామూలే. అందులో న్యాయం ఉంది. గబగబా తడిగుడ్డ పెట్టడం, బకెట్లతో నీళ్లు మోయడం శ్వాస వేగం పెంచితే అది శ్రమే. స్టవ్ ముందు రెండు గంటలు నిలబడటం మాత్రం అలసట తెస్తుంది గానీ కండరానికి పని చెప్పదు. పార్కుకి వెళ్లే వీలు, తోడు, వెలుతురున్న దారి ఆడవాళ్లందరికీ ఉండవు. అలాంటి ఇంట్లో మిద్దె మీద నడక, మెట్లు, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి పుషప్‌లు చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కుర్చీలో కూర్చునే కాళ్లు చాచి ఎత్తి దించవచ్చు, లీటరు నీళ్ల సీసాలతో చేతులు ఎత్తవచ్చు. ఇంట్లో మగవాళ్లు ఆ అరగంట పిల్లల్ని చూసుకుంటే సగం అడ్డంకి పోతుంది.

షుగర్ ఉన్నవారు వరుసగా రెండు రోజులకు మించి గ్యాప్ ఇవ్వకూడదని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతుంది. ఒకసారి చేసిన వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరులో వచ్చే మెరుగు రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది కాబట్టి. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు నడిచి మిగతా వారమంతా కూర్చునేవారికి ఈ సంగతి తెలియాలి. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాల నడక తిన్నాక పెరిగే షుగర్‌ని బాగా అదుపు చేస్తుంది. రాత్రి భోజనం ఆలస్యంగా చేసి వెంటనే పడుకునే ఇళ్లలో మార్చుకోవాల్సిన మొదటి అలవాటు బహుశా ఇదే.

రంజాన్‌లో చాలామంది నెలంతా నడక ఆపేస్తారు. ఆపనక్కర్లేదు, సమయం మార్చుకుంటే చాలు. ఉపవాసంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా ఇఫ్తార్‌కి ముందు చివరి గంటల్లో, గట్టి శ్రమ వద్దు. ఇఫ్తార్ అయిన గంట రెండు గంటల తర్వాత నడవచ్చు. తరావీహ్ నమాజులో లేవడం, వంగడం, కూర్చోవడం రోజువారీ వ్యాయామంలో భాగంగానే లెక్కించవచ్చని రంజాన్, డయాబెటిస్‌పై వచ్చిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవారు రంజాన్‌కి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ని కలిసి మోతాదులు మార్పించుకోవాలి. షుగర్ 70 లోపుకి పడినా, 300 దాటినా ఉపవాసం విరమించాలి. వేలు గుచ్చి షుగర్ చూసుకోవడానికి భయపడనక్కర్లేదు, దాంతో రోజా చెల్లకుండా పోదని ఉలమాలు చెప్పారు.

జ్వరం, ఒళ్లు నొప్పులు ఉన్నప్పుడు వ్యాయామం మానాలి. అప్పుడు ఒంట్లో ఉన్నది అసలైన యుద్ధం, దానికి విశ్రాంతి కావాలి. నడుస్తుంటే ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మామూలు కన్నా ఎక్కువ ఆయాసం వస్తే ఆగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఏళ్ల తరబడి కదలనివారు, గుండె జబ్బు ఉన్నవారు, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టడం మంచిది. స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా మిద్దె మీద కూడా నడవకూడదు.

మొదలుపెట్టిన రోజే బరువుతో పాటు నడుము కొలత కూడా రాసుకోవాలి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో, బొడ్డు దగ్గరగా, టేపు నేలకి సమాంతరంగా చుట్టాలి. పొట్ట లోపలికి బిగించకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. టేపు చర్మానికి ఆనాలి గానీ నొక్కకూడదు. పొద్దున్నే ఏమీ తినకముందు, నెలకోసారి, ప్రతిసారీ అదే టేపుతో. షుగర్ ఉన్నవారు మూడు నెలలకోసారి చేయించే హెచ్‌బీఏ1సీ అంకెను కూడా దాని పక్కనే రాసుకోవచ్చు.